హువా హిన్‌కి జనవరిలో కాదు, సెప్టెంబరులో రండి

విశాఖ నుంచి ఒకాయన అడిగారు. వయసు 61, బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. భార్య టీచరు పని మానేశారు. కొడుకు బ్యాంకాక్‌లో ఉద్యోగం. మొన్న జనవరిలో వెళ్లి, థాయ్‌లాండ్‌లో సముద్రపు ఒడ్డున ఉండే హువా హిన్‌లో పది రోజులు ఉండి వచ్చారు, ఇద్దరికీ తెగ నచ్చింది. "అక్కడే ఉండిపోదామనుకుంటున్నాం. వీసా, డబ్బు సంగతులు మా అబ్బాయి చూసుకుంటాడు. మాకు పొద్దు పోతుందా? మాట్లాడే మనుషులు దొరుకుతారా? చుట్టూ తెల్లవాళ్లే కదా, మాతో కలుస్తారా?" ఇదీ ప్రశ్న. చివర్లో వాళ్లావిడ ఒక లైను చేర్చారు: "గోంగూర దొరుకుతుందా అండీ?"

గోంగూర సంగతి ఆఖర్న చెప్తాను, మర్చిపోను.

మావారూ నేనూ థాయ్‌లాండ్ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఆయన దారం తయారు చేసే ఫ్యాక్టరీలో పనిచేశారు. రిటైరయ్యాక బ్యాంకాక్ హడావుడి భరించలేక హువా హిన్ చేరాం. ఇది పదకొండో ఏడు. ముందు అసలు జవాబు చెప్పేస్తాను. పొద్దు పోతుంది, మనుషులూ దొరుకుతారు. కానీ మీరు చూసిన జనవరిని నమ్ముకుని ఇల్లు తీసుకోకండి. సెప్టెంబరులో వచ్చి అక్టోబరు చివరిదాకా ఒక గది అద్దెకు తీసుకుని ఉండి చూడండి. ఆ రెండు నెలలు మీ ఇద్దరికీ గడిస్తే మిగతావన్నీ గడుస్తాయి.

ఎందుకంటే జనవరిలో మీరు చూసింది సీజను, ఊరు కాదు. పులికాట్‌కి చలికాలంలో ఫ్లెమింగోలు వచ్చి వాలినట్టు, నవంబరు మధ్య నుంచి స్వీడన్, నార్వే, డెన్మార్క్, జర్మనీల నుంచి పెద్దవాళ్లు వచ్చి వాలతారు. అక్కడ మంచు, చీకటి. ఇక్కడ ఎండ, కొబ్బరిబోండాం. ప్రతి సాయంత్రం ఎక్కడో ఒకచోట పాట, ఎవరింట్లోనో ఒక పుట్టినరోజు, రెస్టారెంట్లో కుర్చీ దొరకదు. మార్చి వెళ్లేసరికి సూట్‌కేసులు సర్దేస్తారు. ఏప్రిల్లో సాంగ్‌క్రాన్‌కి (థాయ్ వాళ్ల కొత్త సంవత్సరం పండగ) బ్యాంకాక్ జనం వచ్చి నాలుగు రోజులు నీళ్లు చల్లుకుని వెళ్తారు. ఆ తర్వాత ఊరు ఖాళీ. అక్టోబరులో అయితే వానలు బాగా పట్టుకుంటాయి, సముద్రం రంగు మట్టిలా ఉంటుంది, సగం హోటళ్లలో దీపాలుండవు. మీ ఫోన్లో ఇరవై మంది స్నేహితుల నంబర్లుంటాయి, ఊళ్లో ఉండేది ముగ్గురు.

ఇది మొదటి ఏడాది నాకు తెలియలేదు. జనవరి, ఫిబ్రవరిల్లో నాకు రోజూ కాఫీకి తోడు వచ్చిన స్వీడన్ ఆవిడ మార్చి 20న కౌగిలించుకుని, "నవంబరులో కలుద్దాం" అని వెళ్లిపోయింది. ఎనిమిది నెలలు! మన దగ్గర ఎనిమిది నెలలు మాట్లాడకపోతే పాత గొడవేదో ఉందనుకుంటారు. ఆవిడకి అది మామూలు విషయం. నవంబరులో వచ్చి, నిన్న ఆపిన మాట అందుకున్నట్టే మొదలుపెట్టింది. ఈ తరహా స్నేహానికి అలవాటు పడాలి. తప్పు పట్టడానికేం లేదు. చాలామందికి సొంత దేశంలో ఆరోగ్య బీమా హక్కు పోకుండా ఉండాలంటే ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ ఉండి తీరాలి. మనవలు కూడా అక్కడే కదా.

మరి ఏడాది పొడవునా ఉండేవాళ్లెవరు? తిరిగి వెళ్లడానికి అక్కడ ఇల్లు లేనివాళ్లు, థాయ్ మనిషిని పెళ్లి చేసుకున్నవాళ్లు, మళ్లీ విమానం ఎక్కే ఓపిక లేనివాళ్లు. నా లెక్కలో మీకు అసలు ఇరుగుపొరుగు వాళ్లే. వాళ్లని జనవరిలో గుర్తుపట్టలేరు, గుంపులో కలిసిపోయి ఉంటారు. అక్టోబరు వానలో అదే కాఫీ కొట్టులో అదే మూల కుర్చీలో కూర్చుని ఉంటారు.

ఇక రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. ఇక్కడ కాపురం ఉండేవాళ్లు బీచ్‌లో గడుపుతారనుకోకండి. ఆర్కే బీచ్ ఎదురుగా ఇల్లున్నవాళ్లు నెలకెన్నిసార్లు ఇసకలో కాలు పెడతారో మీకు తెలుసు. ఇక్కడా అంతే. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా నడక. మీ బీచ్ రోడ్డులో పొద్దున్నే బండ్లు ఆపేసి నడిచేవాళ్లకి వదిలేస్తారే, ఇంచుమించు ఆ సందడే, కాకపోతే ఇసక మీద. ఆటుపోట్లు చూసుకుని వెళ్లాలి. పోటు మీద ఉంటే నడవడానికి చోటుండదు. కొందరు ఖావో హిన్ లెక్ ఫై కొండెక్కుతారు, ఊరంతా కనిపిస్తుంది. దక్షిణాన ఖావో తకియాబ్ కొండ ఉంది కానీ చేతిలో సంచీ ఉంటే వెళ్లకండి, కోతులు లాక్కుంటాయి.

అదే వేళకి భిక్షువులు చెప్పుల్లేకుండా వీధుల్లోకి వస్తారు. ఇంటిముందు నిలబడి అన్నం, కూర, పండో ఫలమో పాత్రలో వేస్తే దీవించి వెళ్తారు. నేను వారానికి రెండుసార్లు వేస్తాను. మతం కోసం కాదు, నిజం చెప్పాలంటే మొదట్లో ఊసుపోకే వేశాను. కానీ మా సోయ్‌లో (సోయ్ అంటే సందు) ఆడవాళ్లందరూ నాకు పరిచయమైంది అక్కడే. పక్కపక్కన చెప్పులు విడిచి నిలబడతాం కదా, మాట కలవకుండా ఎలా ఉంటుంది? ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఆడవాళ్లు భిక్షువుని తాకకూడదు, చేతికి చేయి తగలకుండా వేయాలి.

ఎనిమిదింటికి జాతీయగీతం వస్తుంది, సాయంత్రం ఆరింటికి మళ్లీ. రైల్వే స్టేషన్లో, పార్కుల్లో ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతారు, మీరూ ఆగండి. అలాగే రాజకుటుంబం గురించి సరదాకైనా వ్యాఖ్య చేయకండి. ఇక్కడ అది నేరం, జైలుశిక్ష. ఈ ఊరు రాజుల ఊరు కూడాను. 1911లో రైలు వచ్చాక దొరలూ రాజులూ గాలి మార్పుకి రావడం మొదలైంది. ఏడో రాముడు (ఇక్కడి రాజుల్ని ఇలా వరస నంబరుతో చెప్తారు) కట్టించుకున్న భవనం పేరు క్లై కాంగ్వోన్, అంటే 'చింతలకు దూరం'. 1932 జూన్‌లో బ్యాంకాక్‌లో తిరుగుబాటు జరిగి రాజు సర్వాధికారం పోయిన రోజున ఆయన ఆ భవనంలోనే విడిది చేస్తున్నారు. దూరం అని పేరు పెట్టుకున్న చోటికే చింత వెతుక్కుంటూ వచ్చింది. ఈ ముక్క ఇక్కడి రిటైర్డు పెద్దమనుషులకి చెప్తే ఒక క్షణం నవ్వు ఆగిపోతుంది. చాలామంది విడాకుల నుంచో, పిల్లలతో గొడవల నుంచో దూరంగా వచ్చినవాళ్లే.

ఎండ ఎక్కాక మధ్యాహ్నం ఎవరూ కనిపించరు. నాలుగింటికి మళ్లీ కదలిక. ఇక్కడ 'కార్యక్రమం' అన్నది వారాన్ని బట్టి ఉంటుంది, పిలుపుని బట్టి కాదు. సోమవారం యోగా, బుధవారం ఈత, శుక్రవారం పాత పుస్తకాలు మార్చుకోవడం ఇలా. ఇది మీరు బాగా పట్టుకోవాలి. మనం ఎవరింటికైనా చెప్పాపెట్టకుండా వెళ్లి, "ఏం చేస్తున్నారు" అని కూర్చుంటాం. యూరప్ వాళ్లకి అది నచ్చదు. నాకు తెలిసిన ఒక మనవాయన వచ్చిన కొత్తలో డెన్మార్క్ దంపతుల ఇంటికి అలా మూడుసార్లు వెళ్లాడు. మూడోసారి వాళ్లు ఇంట్లో ఉండీ తలుపు తీయలేదు. ఆయన పగ పెట్టుకున్నాడు, వాళ్లకి ఇప్పటికీ కారణం తెలియదు. అదే మనుషులు, వారానికోసారి ఒక వేళ అంటూ పెట్టుకుంటే పదేళ్లయినా తప్పరు. వానొచ్చినా గొడుగేసుకుని వస్తారు. కాబట్టి ముందు వారంలో రెండు వేళలు సంపాదించుకోండి. స్నేహాలు వాటి వెనకే వస్తాయి.

బిల్లు దగ్గర కూడా అంతే. ఎవరు తిన్నది వాళ్లు కట్టుకుంటారు. మావారు మొదట్లో కౌంటరు దగ్గరికి పరుగెత్తి అందరిదీ కట్టేసేవారు. గొప్ప మర్యాద చేశాననుకునేవారు. ఒకసారి స్కాట్లాండ్ నుంచి వచ్చిన మాస్టారొకాయన పక్కకి పిలిచి చెప్పాడు: "నువ్వు ఇలా కడితే రేపు నేను కట్టాలి. నా దగ్గర లేదు." బ్రిటన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ల ప్రభుత్వ పింఛను ఎక్కడిదక్కడే ఆగిపోతుంది, ఏటా పెరగదు. అక్కడే ఉండిపోయిన వాళ్లకి పెరుగుతుంది. పదిహేనేళ్ల కిందటి పింఛనుతో ఇవాళ్టి ధరలు! ఆ రోజు నుంచి మావారు బిల్లు జోలికి పోలేదు. దానికి బదులు నెలకోసారి ఇంటికి పిలిచి భోజనం పెడతాం. ఇంటి భోజనానికి ఎవరూ లెక్క కట్టరు. పప్పుచారు వాళ్లు సూపు అనుకుని గ్లాసులో పోయించుకుని తాగుతారు. పోనీండి.

పేకాట అలవాటుందా? ఉంటే ఈ పేరా రెండుసార్లు చదవండి. 2016 ఫిబ్రవరిలో పట్టాయాలో ఒక బ్రిడ్జి క్లబ్బు మీద పోలీసులు పడి 32 మందిని పట్టుకెళ్లారు. అందరూ విదేశీ వృద్ధులే, అందులో 84 ఏళ్ల నార్వే ఆవిడ కూడా ఉంది. డబ్బు పెట్టి ఆడలేదు. కానీ 1935 నాటి పేకముక్కల చట్టం ప్రకారం ఒకరి దగ్గర 120కి మించి ముక్కలుండకూడదని పట్టుకున్నారు. గంటల తరబడి స్టేషన్లో కూర్చోబెట్టి, తలా 5,000 బాత్‌ల (బాత్ అంటే ఇక్కడి డబ్బు) పూచీ మీద వదిలారు. డబ్బు పెట్టి ఆడితే అసలు సంగతే వేరు, జూదం ఇక్కడ నేరం. మన ఇంట్లో పండక్కి పేక కట్టలు కలిపి రమ్మీ వేసుకున్నట్టు ఇక్కడ బాల్కనీలో బాహాటంగా వేసుకోకండి. మావారికి ఇది పెద్ద దెబ్బ. చదరంగంలోకి మారారు.

ఇంకో నిబంధన కూడా చాలామందికి తెలియదు. రిటైర్మెంట్ వీసా మీద పని చేయకూడదు, జీతం లేకుండా చేసినా పనే. "ఊరికే ఉన్నాను కదా, బళ్లో పిల్లలకి ఇంగ్లిషు చెప్తాను" అని మీ ఆవిడకి అనిపించవచ్చు, టీచరు కదా. వర్క్ పర్మిట్ లేకుండా వద్దు. మంచి పనే చేశామని వాదిస్తే వినరు.

తెల్లవాళ్లు మీతో కలుస్తారా అన్నారు. కలుస్తారు, కానీ మీ ప్రశ్నలో ఒక ఖాళీ ఉంది. థాయ్ వాళ్లు మీతో కలుస్తారా అని మీరు అడగలేదు. అదే చాలామంది చేసే పొరపాటు. ఫరాంగ్ వాళ్లు (తెల్లవాళ్లని ఇక్కడ అలా అంటారు, మన 'పరంగి'కి చుట్టమే, జామకాయనీ ఫరాంగే అంటారు) ఇరవై ఏళ్లున్నా తమలో తామే తిరుగుతారు. మనకి ఆ అవసరం లేదు. థాయ్ వాళ్ల పలకరింపే "కిన్ ఖావ్ రూ యాంగ్", అన్నం తిన్నారా ఇంకా అని. అది వింటే నాకు మా ఊరు అరుగు మీద కూర్చున్నట్టుంటుంది. కొంచెం పెద్దవాళ్లని పేరు ముందు 'పీ' చేర్చి పిలుస్తారు, అంటే అక్కా, అన్నా. చిన్నవాళ్లయితే 'నాంగ్'. ఈ వయసులో నన్ను అందరూ 'పా' అంటారు, అమ్మకి అక్క వరస, మన పెద్దమ్మ. మావారు 'లుంగ్', పెదనాన్న. 'క్రెంగ్ జాయ్' అనే మాటని ఇంగ్లిషు వాళ్లకి వివరించడానికి పేజీలకి పేజీలు రాస్తారు. నాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది, అది మన మొహమాటం. అవతలివాళ్లకి ఇబ్బంది అవుతుందేమోనని మనసులో మాట మింగేయడం. అందులో మనకి పుట్టుకతోనే డిగ్రీ ఉంది.

అయితే అన్నీ తియ్యగా ఉండవు. భారతీయులని 'ఖేక్' అంటారు. అసలు అర్థం అతిథి అనే. కానీ ఆ మాటని ఎవరు ఏ గొంతుతో అన్నారన్నది మీకే తెలుస్తుంది. గట్టిగా బేరమాడే టూరిస్టులు, హోటల్ కారిడార్లలో అరిచే గుంపులు మన పేరు కొంత పాడుచేశారు. మొదటి నెలల్లో మిమ్మల్నీ ఆ లెక్కలోనే వేస్తారు. నాలుగు మాటలు థాయ్ నేర్చుకుని, మెల్లగా మాట్లాడితే ఆరు నెలల్లో ఆ ముద్ర పోతుంది. భాష రావడం కష్టమే, ఐదు స్వరాలు. 'ఖావ్' అన్న మాటని స్వరం మార్చి పలికితే అన్నం, తెలుపు, వార్త, ఇలా ఏదైనా కావచ్చు. తప్పు పలికి నవ్వులపాలు కండి, పర్వాలేదు. నవ్వు తెప్పించినవాళ్లని ఇక్కడ త్వరగా దగ్గరికి తీస్తారు.

థాయ్ వాళ్లూ విదేశీయులూ సమానంగా కలిసే ఒక్క చోటు చెప్పమంటే పెటాంక్ మైదానం చెప్తాను. ఇనప బంతులు విసిరి చిన్న చెక్కబంతికి దగ్గరగా పడేలా ఆడే ఫ్రెంచి ఆట. మన గోళీలాటకి పెద్దన్న అనుకోండి. తొమ్మిదో రాముడి తల్లిగారికి ఈ ఆట ఇష్టం, ఆవిడ ప్రోత్సాహంతో దేశమంతా పాకింది. పోలీసులు, కూరగాయలమ్మేవాళ్లు, ఫ్రెంచి తాతలు ఒకే మట్టిలో ఆడతారు. పరుగు అక్కర్లేదు, మోకాళ్ల నొప్పులకి ఇబ్బంది లేదు. మావారు గోళీల అనుభవంతో మొదటి వారమే పేరు తెచ్చుకున్నారు. నేను స్కోరు రాస్తాను. మాకున్న థాయ్ స్నేహాల్లో సగం అక్కడివే.

పండగలు మనకి బాగా కలిసొస్తాయి. సాంగ్‌క్రాన్ అన్న మాట మన సంక్రాంతే, ఏప్రిల్ 13 నుంచి 15 దాకా. టూరిస్టులకి అది నీళ్ల తుపాకుల గోల. కానీ ఆ పొద్దున్నే చిన్నవాళ్లు వచ్చి పెద్దవాళ్ల అరచేతుల్లో పరిమళం కలిపిన నీళ్లు పోసి దీవెన అడుగుతారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, ఊడ్చే అమ్మాయిలు వరసగా వచ్చి మా ఇద్దరి చేతుల్లో పోస్తారు. మొదటిసారి నేను ఏడ్చేశాను. మా పిల్లలు ఆస్ట్రేలియాలో ఉన్నారు లెండి. లాయ్ క్రతోంగ్ అయితే అచ్చంగా మన కార్తీక పౌర్ణమి, చాలా ఏళ్లు అదే పున్నమికి వస్తుంది. అరటి బోదెతో చేసిన దొప్పలో దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. నేను మా పుట్టింట్లో గోదావరిలో వదిలినట్టే వదిలాను. పక్కనున్న థాయ్ ఆవిడ "మీకూ ఉందా ఇది?" అని ఆశ్చర్యపోయింది.

తెలుగువాళ్లు ఇక్కడ చాలా తక్కువ. సూట్లు కుట్టే దుకాణాల్లో పంజాబీలు, నేపాలీలు కనిపిస్తారు. పెళ్లిళ్ల సీజన్లో బీచ్ హోటళ్లలో మనవాళ్ల పెళ్లిళ్లు జరుగుతుంటాయి, ఢోలు చప్పుడు మా బాల్కనీకి వినిపిస్తుంది. పిలవని పేరంటానికి వెళ్లలేం కదా, ఇక్కణ్ణుంచే అక్షింతలు. గుడికి వెళ్లాలనిపిస్తే బ్యాంకాక్ సీలోమ్‌లో తమిళులు కట్టిన మారియమ్మ గుడి ఉంది, దసరాకి ఊరేగింపు పెద్దగా చేస్తారు. దూరం సుమారు 200 కిలోమీటర్లు, వ్యానులో మూడు గంటలు. మీ అబ్బాయి అక్కడే ఉంటాడు కాబట్టి మీకు ఇబ్బంది ఉండదు. కానీ ప్రతి శనివారం వాడింటికి పరుగెత్తడం మొదలుపెడితే ఇక్కడ వేరు పట్టదు, ముందే చెప్తున్నా.

ఇంకో సంగతి, మొహమాటం లేకుండా రాస్తాను. 70 దాటిన మగవాడి పక్కన 35 ఏళ్ల థాయ్ అమ్మాయిని చూస్తారు, చాలామందిని. మన ఆడవాళ్లు ముందు మొహం చిట్లిస్తారు, నేనూ చిట్లించాను. ఇప్పుడు అంత తొందరగా తీర్పు చెప్పను. అందులో మోసపోయినవాళ్లూ ఉన్నారు, మోసం చేసినవాళ్లూ ఉన్నారు, పక్షవాతం వచ్చిన మొగుణ్ణి పన్నెండేళ్లుగా ఎత్తి స్నానం చేయిస్తున్న అమ్మాయీ మా పై అంతస్తులోనే ఉంది. మగవాళ్లు కొందరు మధ్యాహ్నం రెండింటికే బార్‌లో కూర్చుంటారు. మొదటి ఏడాది సరదా, మూడో ఏడాదికి అదే ఉద్యోగం అయిపోతుంది. మీవారికి మందు అలవాటుంటే సాయంత్రాలకి వేరే పని ముందే చూసి పెట్టండమ్మా. ఇది ఆవిడకి రాస్తున్నాను.

ఇక అక్టోబరు ఎందుకంత ముఖ్యమన్నానో చెప్తాను. మూడేళ్ల కిందట అక్టోబరులో మావారు తడిసిన మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. మేం వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టందే ఆపరేషన్ మాట ఎత్తలేదు. ఇన్సూరెన్స్ వాళ్లేమో 70 దాటారని ముందు ఏడాదే రెన్యువల్ ఆపేశారు. రాత్రి పదకొండు గంటలు, నా కార్డులో అంత లిమిట్ లేదు. ఫోన్లో పేర్లు తిప్పుతూ కూర్చున్నాను: స్టాక్‌హోం, ఓస్లో, హాంబర్గ్. ఊళ్లో ఉన్నవాళ్లలో ముగ్గురు వచ్చారు. డెన్మార్క్ పోస్ట్‌మ్యాన్ ఒకాయన, పింఛను పెరగని స్కాట్లాండ్ మాస్టారు, పెటాంక్ ఆడే థాయ్ ఆవిడ. పోస్ట్‌మ్యాన్ తన కార్డు గీశాడు. మాస్టారు దగ్గర డబ్బు లేదు, తెల్లవార్లూ కుర్చీలో కూర్చున్నాడు. థాయ్ ఆవిడ నర్సులతో మాట్లాడింది, మర్నాడు జావ కాచి తెచ్చింది, పదకొండు రోజులు తెచ్చింది. జనవరి పార్టీల్లో వీళ్ల ముగ్గురితో నేను పెద్దగా మాట్లాడింది లేదు.

ఆ మాస్టారు నిరుడు పోయాడు. భార్యాబిడ్డలు లేరు, స్కాట్లాండ్‌లో ఒక మేనకోడలు మాత్రం ఉంది. ఆమె అనుమతి కాగితం ఎంబసీ ద్వారా రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. దహనం ఊళ్లో వాట్‌లో, అంటే బౌద్ధుల గుడిలో చేశాం. మూడు సాయంత్రాలు భిక్షువులు పాలీలో చదివారు. చెక్కపేళ్లతో చేసిన పూలు ఒక్కొక్కరం శవపేటిక దగ్గర పెట్టాం. ఆయన క్రైస్తవుడు, మేం హిందువులం, పూలు చేసింది బౌద్ధులు. ఎవరికీ ఏమీ అభ్యంతరం అనిపించలేదు. అందుకే మీకు ఒక పని చెప్తున్నాను. వచ్చిన మొదటి నెలలోనే వీలునామా, మీ తర్వాత ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు, ఏ శాస్త్ర ప్రకారం చేయాలో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఇక్కడ అందరి ఫ్రిజ్‌ల మీదా ఉంటుంది, అశుభం అనుకోరు.

వీసా మీ అబ్బాయి చూసుకుంటాడన్నారు కాబట్టి ఎక్కువ రాయను. 50 నిండాలి. రిటైర్మెంట్ మీద ఏటా పొడిగించుకునేవాళ్లలో చాలామంది థాయ్ బ్యాంకులో 8 లక్షల బాత్‌లు చూపిస్తారు, లేదా నెలకి 65,000 బాత్‌ల ఆదాయం. మన రూపాయల్లో ఆ 8 లక్షలు ఇరవై లక్షల పైమాటే. 90 రోజులకోసారి చిరునామా తెలియజేయాలి. ఇది ఆన్‌లైన్లో కూడా చేయొచ్చు, కానీ నేను ఆఫీసుకే వెళ్తాను. టోకెన్ తీసుకుని కూర్చుంటే ఊళ్లో ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లిపోయారు, ఎవరికి బైపాస్ అయింది, అన్నీ అక్కడే తెలుస్తాయి. మన రేషన్ షాపు క్యూ లాంటిదే. ఇల్లు కొనేద్దామని మాత్రం తొందరపడకండి. విదేశీయులు భూమి కొనలేరు. కాండోలో (అపార్ట్‌మెంట్ల భవనంలో) ఫ్లాటు కొనొచ్చు, అదీ మొత్తం విస్తీర్ణంలో 49 శాతం దాకానే విదేశీయుల పేర్ల మీద ఉండాలి. రెండేళ్లయినా అద్దెకుండి చూడండి.

ఇప్పుడు గోంగూర. సూపర్‌మార్కెట్లో అడిగితే తెల్లమొహం వేస్తారు. చాట్‌చాయ్ మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లండి. ఈ జిల్లా బర్మా సరిహద్దుని ఆనుకుని ఉంటుంది, చేపల పడవల్లో, హోటళ్లలో పని చేసేవాళ్లలో బర్మా వాళ్లు చాలామంది. వాళ్లకి గోంగూర మనకన్నా ప్రాణం, 'చిన్ బావుంగ్' అంటారు. మార్కెట్లో నేల మీద గోనె పరుచుకుని కూర్చునే బర్మా అమ్మాయి దగ్గర మొదటిసారి ఆ కట్టలు చూసి నేను అక్కడే ఒక ఆకు తుంచి నమిలాను. ఆ అమ్మాయి పకపకా నవ్వింది. వాళ్లు రొయ్యలు, పచ్చిమిర్చి వేసి వేయిస్తారు, నేను పచ్చడి చేస్తాను. నా పచ్చడి సీసా ఆవిడకి, ఆవిడ వేపుడు డబ్బా నాకు, ఆరేళ్లుగా నడుస్తోంది. ఇద్దరికీ సగం సగమే వచ్చిన థాయ్‌లో మాట్లాడుకుంటాం. వానాకాలంలో కట్టలు పెద్దవిగా ఉంటాయి, ఆకు లేతగా ఉంటుంది. సెప్టెంబరులో వస్తే పొద్దున్న ఏడింటిలోపే వెళ్లమనండి మీ ఆవిడని, ఎనిమిది దాటితే అయిపోతుంది.